పడుకున్న గేదె కొలత

చేతి చమురు వదలకుండా పాత పశువుల షెడ్డుకే వసారా దించేస్తానని మా ఆయన అన్నప్పుడే నేను భయపడాల్సింది. ఆయన బుర్ర ఖర్చు తప్పించుకునే దగ్గర మాత్రమే పాదరసంలా పనిచేస్తుంది.

అవసరం నాది. అక్క ఇంట్లో ఉన్న రోజుల్లో నా చేత్తో పెంచిన దూడ ఇప్పుడు గేదె అయింది. నాకు అదంటే ప్రాణం. తీసుకుపొమ్మంది అక్క, కానీ ఒక షరతు పెట్టింది. వానలు మొదలయ్యాక వచ్చి చూస్తుందట. గేదె కప్పు కింద లేకపోతే అప్పటికప్పుడే వెనక్కి తోలుకుపోతుందట. మా షెడ్డేమో ఎడ్లకే చాలదు.

ఆయన అక్కావాళ్లింటికి వెళ్లి గేదె ఎత్తు తాడుతో కొలుచుకొచ్చాడు. ఎవరో పారేసిన రేకులూ విరిగిన మంచం పట్టెలూ పోగేసి, పాత కప్పు వాలునే కిందికి సాగదీసి వసారా దించాడు. కాస్త పొట్టిగా ఉందేమో అంటే, నాకు పనితనం తెలియదన్నాడు.

గేదె వచ్చింది. నుదురు రేకుకు టంగుమని కొట్టుకుంది. తల వంచి దూరబోతే వీపు అడ్డం వచ్చింది.

"కొలిచేటప్పుడు ఇది ఏం చేస్తోంది?" అని అడిగాను.

"పడుకుని నెమరేస్తోంది. పాపం, లేపడం ఎందుకని..."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు. కప్పు లేపాలంటే కొత్త స్తంభాలు కావాలి, అంటే ఖర్చు. అందుకని పలుగూ పారా పట్టుకుని, గేదె నిలబడేంత లోతుగా నేలనే తవ్వేశాడు. వాన నీళ్లు ఎటు పోతాయని అడిగితే, నావన్నీ అపశకునం మాటలని విసుక్కున్నాడు.

మొదటి వానకే పెరట్లో నీళ్లన్నీ ఆ గోతిలోకి చేరాయి. అదే వానలో గొడుగు వేసుకుని అక్క దిగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పరుగున వెళ్లి చూస్తే, గేదె మెడదాకా బురదనీళ్లలో మునిగి, కళ్లు మూసుకుని, కొత్తల్లుడి దర్జాతో పడుకుని ఉంది.

అక్క మా ఇద్దరినీ కొరకొరా చూసి పలుపు పట్టుకుని లాగింది. గేదె కదల్లేదు. తౌడు చూపించింది. గేదె ఒక కన్ను తెరిచి, చూసి, మళ్లీ మూసుకుంది. లాగీ లాగీ చివరికి అక్కే కాలుజారి గోతిలో పడింది. గేదె మర్యాదగా కొంచెం పక్కకు జరిగింది.

అక్క పైకొచ్చి చీర పిండుకుంటూ గేదె వైపు చూసింది.

"మా ఇంట్లో ఇది ఏనాడూ ఇంత సుఖంగా పడుకోలేదే. ఇక్కడే ఉండనీ," అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన మాత్రం ఇదంతా ముందే అనుకుని కట్టినట్టు మీసం దువ్వుకున్నాడు.

ఆ వారంలోనే అక్క తరిమితే బావ వచ్చాడు. వాళ్ల మిగతా గేదెలకూ అచ్చం ఇలాంటి వసారాయే కావాలట, కొలతలు చెప్పమన్నాడు. మా ఆయన మఠం వేసుకుని కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, ముందు గేదె పడుకునేదాకా ఆగాలి."