లోపలి బంగారం

రేకు మీద దేవుడి కనురెప్పను సుత్తితో తీర్చగలవాడు మలేషియాలోని ఈ కువాలా సెలంగోర్ మొత్తంలో నేనొక్కణ్ణే. కాదన్నవాళ్లతో నేను మాట్లాడను. నా పేరు కాంతయ్య. గుళ్లకు కవచాలు, తలుపు రేకులు చేస్తాను. నా కూతురు మోహనప్రియ పదేళ్లుగా నా పక్కనే కూర్చుని ఇత్తడి, రాగి, కంచు పని చేస్తోంది. బంగారు రేకు మాత్రం నేను ఆమె చేతికి ఇవ్వలేదు. గర్భగుడి పని ఆడవాళ్లకు ఇవ్వడం మా నాన్న దగ్గర లేదు, నా దగ్గరా లేదు.

ఆ వారం ఆమె తెగేసి చెప్పింది.

"గ్లవ్ ఫ్యాక్టరీలో పనికి పిలిసినారు నాన్నా. సుంగై సుమున్ గుళ్లో రాముడి బంగారు ముకం కవచం నాకిత్తావా, ఉంటాను. నేకపోతే సోమవారం ఎల్లిపోతాను."

"ఎల్లు," అన్నాను. నా నోరెప్పుడూ అంతే.

అప్పుడు మా చేతిలో ఉన్నది క్లాంగ్ చర్చి నుంచి రూబన్ మాస్టారు ఇచ్చిన పని. పూర్వం ఇశ్రాయేలీయులు ఎడారిలో మోసుకు తిరిగిన గుడారపు గుడికి చిన్న నమూనా, పిల్లలకు చూపించడానికట. ఎలా ఉండాలో కాగితాల మీద రాసిచ్చాడు. నలభై గుళ్లకు పని చేసినవాడికి కాగితాలెందుకు? గుడికి బంగారం ఎక్కడ పెడతారు? దూరం నుంచి దణ్ణం పెట్టేవాడికి మెరిసేలా పైన. కప్పంతా బంగారు రేకు తొడిగి, లోపలి గోడలను ఒట్టి చెక్కగా వదిలేశాను. ముంగిట్లో పెట్టే కంచు గంగాళం మోహనప్రియకు పడేశాను.

గురువారం మాస్టారు వచ్చి చూశాడు. పాపం, నవ్వలేదు. తమిళంలో మెల్లగా చెప్పాడు. పైన కప్పేది తోలట. బంగారమంతా లోపలి పలకల మీద, పూజారులు తప్ప ఎవరూ చూడని చోట. ఆ పలకలను నిలబెట్టిన దిమ్మలు వెండివి. ఆ వెండి ఉన్నవాడూ లేనివాడూ సమానంగా ఇచ్చింది. ఉన్నవాడు ఎక్కువ ఇస్తానన్నా తీసుకోలేదట.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ముచ్చటేసింది. మన గుళ్లలో ట్యూబులైటు ఇచ్చినవాడు కూడా దాని మీద పేరు రాయించుకుంటాడు. వీళ్లు అందరి వెండినీ కలిపి కరిగించి, నేల మీద పెట్టి, దాని మీద గుడిని నిలబెట్టారు. ఎంత ఆలోచన, ఎంత మనసు!

మాస్టారు గంగాళం దగ్గర ఆగి, అంచును వేలితో తడిమాడు. అసలు గంగాళాన్ని ఆడవాళ్లిచ్చిన అద్దాలతో చేశారన్నాడు. ఆ కాలంలో అద్దమంటే మెరుగుపెట్టిన కంచు పలకే. ఆ నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కోకుండా ఏ పూజారీ లోపలి బంగారం దగ్గరికి పోవడానికి లేదట.

మోహనప్రియ నా వైపు చూడలేదు, గుడ్డతో గంగాళాన్ని తుడుస్తూనే ఉంది. వంగి చూస్తే అందులో నా ముఖం కనిపించింది, నెరిసిన గడ్డంతో సహా. అంత మెరుగు నేనెప్పుడూ పెట్టలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

మాస్టారు వెళ్లాక కప్పు మీది బంగారు రేకు ఊడదీసి ఆమె ముందు పెట్టాను.

"లోపలి పలకలకు నువ్వే తొడుగు."

శనివారం మధ్యాహ్నానికి ముగించింది. "వొచ్చి సూడు నాన్నా," అని పిలిచింది. నేను చూడలేదు. మీద తోలు కప్పి నాలుగు మూలలా బిగించి కట్టేశాను.

"సూడవేటి? తప్పుంటే?"

"నీ పనిలో నేను సూసేదేటి? సోమవారం సుంగై సుమున్ ఎల్లాలి. రాముడి ముకానికి కొలత నువ్వే తియ్యి."

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. కళ్లు నిండాయి.

"నన్ను గర్భగుడిలోకి పంపితే కమిటీవోళ్లు అరుత్తారు నాన్నా."

"ముంగిట్లో నేనుంటాను గదా. నా మీద అరవమను."