ఎంగిలి గాలి

సత్యవ్వ చాట ఒళ్లో పెట్టుకుందంటే ఇంట్లో ఫ్యాను ఆగిపోవాలి. తిరిగితే తంబాకు ఎగిరిపోతుంది, తడిపిన తునికాకు ఎండి చిట్లుతుంది. కోరుట్లలో బీడీలు చుట్టే ఏ ఇంట్లోనైనా ఇంతే. అట్లా నలభై ఏళ్లుగా ఆమె లోపలి అర్రలోనే, చెమటలోనే. గాలి ఆడే జాగా ఆ ఇంటికి ఒక్కటే, గడప. అక్కడ మొగుడు రాజలింగం గోడకు ఒరిగి కూర్చుంటాడు. "నీడపట్టున కూసొని చేసే పని, నీకేందే" అంటాడు పైగా.

ఆ మధ్యాహ్నం మనవరాలు అఖిల పక్కనే కూర్చొని పరీక్షకు చదువుకుంటోంది.

"ఆక్సిజన్, ఆక్సిజన్ అని గంతగనం చదువుతున్నవ్, ఏంది బిడ్డా గది?"

"మనం పీల్చే గాలిల ఉంటది బాపమ్మా. ఒంట్ల సన్న సన్న కణాలుంటయి. తిన్న తిండిని దాంతోని మండించి బలం తీస్తయి."

"పొయ్యి ఊదినట్టా?"

"ఆఁ. గంతే గాదు, దాంతోని సరుకులు గూడ తయారు జేస్తయి. నెత్తురుల ఎర్రటి పదార్థం కావాల్నన్నా, కణం చుట్టు పొరకు కొవ్వు కావాల్నన్నా, ఆడోళ్ల హార్మోన్లు కావాల్నన్నా ఆక్సిజన్ ఉండాలె. కొన్నిట్ల అదే కలిసిపోతది, అన్నంల ఎసరు ఇంకినట్టు."

సత్యవ్వ చేతిలో దారం ఆగింది. పీల్చింది పీల్చినట్టే బయటికి పోతుందనుకుంది ఇన్నాళ్లూ. అయితే లోపల ఉండిపోయి మనిషవుతుందన్నమాట! గడప వైపు చూసింది. రాజలింగం ఛాతీ హాయిగా లేస్తోంది, దిగుతోంది. సవతిని తెచ్చినా ఆమెకు ఇంత కుళ్లు పుట్టేది కాదేమో. ముగ్గురు పిల్లలు కడుపున పడ్డప్పుడు కూడా ఈ అర్రలోనే తుమ్ముకుంటూ వాళ్ల నెత్తురు తయారు చేసింది. కంచంలో కూరే కాదు, గాలి కూడా ఆయన తిన్నాక మిగిలిందే.

"లోపల గూడ ఆక్సిజన్ గంతే ఉంటది బాపమ్మా" అంది అఖిల, ఆమె చూపు కనిపెట్టి.

"ఉండనియ్ బిడ్డా. ఎంగిలిది గదా."

చాట ఎత్తుకొని లేచింది.

"లెవ్వయ్యా. ఇయ్యాల నేను కూసుంట."

"గీడ తంబాకు ఎగుర్తదే!"

"ఎగిరితే ఏరుకుంట."

రాజలింగం గొణుక్కుంటూ అర్రలోకి పోయాడు. పది నిమిషాలు కాలేదు, దగ్గుకుంటూ బయటికొచ్చాడు.

"జర జరుగు. ఇద్దరం పడతం."

"పడతమా?" సత్యవ్వ తల ఎత్తలేదు. "నలభై ఏండ్లు ఈ ముచ్చట యాద్మరిచినవా?"

ఇంకొంచెం వెడల్పుగా బాసింపట్టు వేసుకొని, గడప నిండా కూర్చుంది.