మూడింటి తర్వాత లైబ్రరీ

పొద్దున్నే కండెలకు నూలు చుడుతూ ప్రత్యూష ఎకనామిక్స్ పాఠం లోలోపల అప్పజెప్పుకుంటోంది. మగ్గం గుంటలోంచి నాన్న భావనారాయణ అన్నాడు: "చదువు చదువే, పరువు పరువే. కాలేజీలో నీ గురించి ఒక్క మాట పుట్టిందా, ఆ రోజుతో సరి."

ఆమె తల ఊపింది. తల ఊపడం ఆమెకు బాగా వచ్చు. మంగళగిరి పక్కనున్న ఆ ఊరి నుంచి విజయవాడ వెళ్ళే బస్సులోనూ, కాలేజీలోనూ ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ.

కాలేజీలో ఆడపిల్లలకొక గది ఉంది. లెక్చరర్ వచ్చేదాకా అందులోనే కూర్చోవాలి. ఆయన ముందు నడిస్తే వెనక వరసగా క్లాసుకి వెళ్ళాలి, పాఠం కాగానే ఆయనతోపాటే బయటికి రావాలి. వరండా గోడకి ఆనుకున్న మగపిల్లలు "కోడీ, పిల్లలూ వస్తున్నాయిరోయ్!" అని ఈలలేస్తారు. సారు వినపడనట్టే నడుస్తారు. పోయిన వారం ఆ వరసలోనే ఎవడో ప్రత్యూష క్లాసులోని హేమ చున్నీ పట్టుకుని లాగాడు. హేమ ఏడుస్తూ ఇంటికి పోయింది, మళ్ళీ రాలేదు.

ఈవేళ ప్రిన్సిపాల్ సంజీవరావుగారు అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు. వేధింపుల మీద కమిటీ వెయ్యమని యూనివర్సిటీ నుంచి ఉత్తర్వు వచ్చిందట. కమిటీలో ఆయన, ఇద్దరు లెక్చరర్లు, విద్యార్థుల తరఫున యూనియన్ సెక్రటరీ మణికుమార్. వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయి.

"రేపట్నించి ఆడపిల్లలు మూడింటికల్లా బయల్దేరాలి. లైబ్రరీలో కూర్చోవడాలు కుదరవు. అంతా మీ మంచికేనమ్మా! ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పొచ్చు. ఇక్కడ మాట్లాడే స్వేచ్ఛ అందరికీ ఉంది."

ప్రత్యూష లోలోపల లెక్క వేసుకుంది. క్లాసులయ్యేదే మూడింటికి. కొనుక్కోలేని పుస్తకాలన్నీ ఆమె చదివేది ఆ తర్వాతే, సాయంత్రం బస్సు దాకా. ఇంటికెళ్తే నూలు, వంట, అంట్లు. లైబ్రరీ లేకపోతే పరీక్ష పోయినట్టే. నోరు విప్పితే మాట నాన్న దాకా వెళ్తుంది, చదువే పోతుంది. ఎటు చూసినా పోయేది తనదే. చున్నీ లాగినవాడు మాత్రం రేపూ చీకటిపడేదాకా ఇక్కడే ఉంటాడు. హేమ ఇంట్లో ఉంటుంది. మరి ఇన్నాళ్ళూ తను నోరు మూసుకుని ఎవరికి ఉపకారం చేసినట్టు?

లేచి నిలబడింది. "సార్..." అంది, వినపడీ వినపడనట్టు.

"మైకు తెమ్మంటావా పాపా?" వెనకనుంచి నవ్వులు.

"సార్, తప్పు చేసింది వాళ్ళయితే, మూడింటికి ఇంటికి పంపాల్సింది వాళ్ళని కదండీ?"

ప్రిన్సిపాల్ మొహం చిట్లించారు.

"ఎవరమ్మా నీకిది నేర్పింది?"

"హేమని ఏడిపించినవాళ్ళండి."

అప్పటిదాకా టీ కప్పులు సర్దుతున్న తెలుగు లెక్చరర్ సత్యశ్రీగారు చేతిలో ట్రే కింద పెట్టారు. "ఉత్తర్వులో ఇంకో మాట కూడా ఉందండీ. కమిటీలో సగమన్నా ఆడవాళ్ళుండాలి. కమిటీ పెద్ద కూడా ఆడమనిషే అయ్యుండాలి."

"ఉంటే మంచిదే. కానీ ఈ పిల్లల్లో ముందుకొచ్చేదెవరండీ?" అన్నారు ప్రిన్సిపాల్, ఎవరూ రారన్న ధీమాతో.

కూర్చోబోతున్న ప్రత్యూష ఆగింది. "నా పేరు రాసుకోండి సార్."

పక్క బెంచీలోంచి సువార్తమ్మ లేచింది. "నాది కూడానండి."

ప్రిన్సిపాల్ ప్రత్యూష వైపే చూశారు. "మీ నాన్నగార్ని అడక్కుండానే?"

"అడగనండి. సాయంత్రం ఇంటికెళ్ళి చెబుతాను."