మారయ్య కూర్చోని కుర్చీ

భువనగిరి దగ్గరి ఒక పల్లెలో, రైతు మారయ్య ఇంటి వసారాలో ఒక కుర్చీ వేసి ఉంది. అది బడిపంతులును అడిగి తెచ్చుకున్నది. కొడుకు నర్సింహకు పాలమూరులో కొత్తగా పెట్టిన కళాశాల నుంచి ఉపన్యాసకుడి ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. పట్నంలో హాస్టలన్నం తిని అతడు పరిశోధన చేసింది పాత శాసనాల మీద. శాసనాల పాఠం చెప్పే కొలువులెక్కడివి? ఖాళీ ఉన్నది పౌరశాస్త్రంలో! రాళ్ల మీది అక్షరాలు చదివినవాడు ఇప్పుడు హక్కులు, రాజ్యాంగం, సమానత్వం వల్లెవేస్తున్నాడు.

"బాపూ, నువ్వు గా కుర్చీల కూసో. నువ్వే పెద్దసారువనుకో. నేను చెప్పిన ప్రశ్నలు నన్నే అడుగు," అన్నాడు నర్సింహ.

"కుర్చీలనా? నాతోని గాదు బిడ్డా," అంటూ మారయ్య గోడవారన చతికిలబడ్డాడు.

ఊరి దొర కోటలాంటి గడీలో వెట్టి చేసి నడుము వంగిన మనిషి. దొర కుర్చీని మోశాడు, తుడిచాడు, ఒక్కనాడూ కూర్చోలేదు. తండ్రి కింద ఉండగా తాను పైన కూర్చుంటాడా? నర్సింహ కూడా నేల మీదే కూర్చున్నాడు. రోజూ అదే వరస.

"సమానత్వమంటే ఏంది?" అని తండ్రి అడిగితే కొడుకు గడగడా చెప్పేవాడు. తల్లి నర్సింగమ్మ వింటూ కళ్లు తుడుచుకునేది. చిన్నకొడుకు మల్లన్న దొరలకు ఎదురుతిరిగిన రైతుల సంఘంలో చేరి నిజాం రజాకార్ల తూటాకు పోయాడు. ఈ ఒక్కడైనా తలెత్తుకు బతకాలని ఆ ఇంటి ఆశంతా.

ఇంటర్వ్యూ గదిలో అడుగుపెట్టిన నర్సింహ గడప దగ్గరే నిలిచిపోయాడు. పెద్దమనుషుల నడుమ తమ ఊరి దొర! సంఘం దెబ్బకు పట్నం పారిపోయినవాడు, పోలీసు చర్య తర్వాత తిరిగొచ్చి, ఖద్దరు తొడిగి, కళాశాల కమిటీలో దర్జాగా చేరాడు.

"మారయ్య కొడుకువు గదరా! కూసో," అన్నాడు దొర.

ఎదురుగా కుర్చీ ఉంది. నర్సింహ నేల మీద కూర్చున్నాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వు విన్నాకే తానేం చేశాడో అతనికి తెలిసింది. లేవబోతే కాళ్లు సహకరించలేదు. సమానత్వమంటే ఏమిటని ఒకాయన అడిగాడు. ఇంట్లో ఎన్నిసార్లో అప్పజెప్పిన జవాబు మొదటి ముక్కలోనే ఏడుపైపోయింది. శాసనాల మనిషికి పౌరశాస్త్రం రాదని తేల్చి పంపేశారు. ఎంత అన్యాయం! ఆ గదిలో పౌరశాస్త్రం ఎవరికి రాదో పాఠకులే చెప్పాలి.

ఇంటికొచ్చి తండ్రి ఒడిలో తలపెట్టి ఏడ్చాడు నర్సింహ. "దొర ముంగట కింద కూసున్న బాపూ. కుర్చీ ఉండంగనే కింద కూసున్న."

మారయ్య కొడుకు తల నిమిరి మెల్లగా లేచాడు. కుర్చీ పట్టుకుని, అందులో కూర్చున్నాడు. ముసలి కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"నీ తప్పు గాదు బిడ్డా. నేను నేర్పిన చదువే గది. నీ తమ్ముడు పానమిచ్చె, నేనేమో సొంతింట్ల కుర్చీల కూసోకపోతిని. ఇంకో పిలుపొస్తది. గా ఎత్తుపీట తెచ్చుకొని నా ఎదురుంగ కూసో, మల్ల అడుగుత. దొరతనం గడీలనే ఉన్నదనుకున్నం, మన కాళ్లల్ల గూడ ఉన్నది. రాజ్యాంగం కుర్చీ ఏసిపెడితే సాలదు బిడ్డా, మనం కూసోంగ మన పిల్లలు జూడాలె."