మూడో బీరువా కింది అర

చిన్న పరిశ్రమల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. అందులో ఇరవై ఏళ్ళు ఒకే మాట మీద అరిచాను. షెడ్డు కావాలంటే మా ఆఫీసు, స్థలం కావాలంటే పై అంతస్తులో ఇంకో ఆఫీసు, పనివాళ్ళకు శిక్షణ కావాలంటే ఊరి చివర మూడో ఆఫీసు. మూడింటినీ నడిపేది ఒకే ప్రభుత్వం. అయినా ఒకరిచ్చిన కాగితాన్ని ఇంకొకరు నమ్మరు. చిన్న వర్క్‌షాపు పెట్టుకుందామని వచ్చినవాడు కాళ్ళరిగేలా తిరిగి తిరిగి, చివరికి మమ్మల్ని నానా తిట్లూ తిట్టుకుంటూ పోయేవాడు. తిట్టడా మరి! వాడి చోట నేనుంటే కొట్టేదాన్ని.

అందుకే మూడు సంస్థలనూ కలిపి ఒకటి చేస్తున్నారని, ఎలా కలపాలో చెప్పే కమిటీలో మా ఆఫీసు తరఫున నన్ను వేశారని తెలిసిన రోజు నాకు కొమ్ములు మొలిచాయి. మా ఆయన పడీపడీ నవ్వాడు.

"వంటింట్లో కుళాయి బాగు చేయించడం ఆరు నెలల నుంచీ పెండింగు. నువ్వెళ్ళి రాష్ట్రాన్ని బాగు చేస్తావా తల్లీ?"

"కుళాయి నీ శాఖ. నా జోలికి రాకు" అన్నాను.

కమిటీ పనిలో మొదటి వారమే పై అంతస్తు వాళ్ళ రికార్డు గదికి వెళ్ళాను. ఏడేళ్ళ నాటి దరఖాస్తులు కట్టలు కట్టి పడేసి ఉన్నాయి. ఏ ఫైలు తెరిచినా సర్వేయరు రాసిన చివరి మాట ఒక్కటే: "స్థలం ఇవ్వవచ్చు." దాని కింద సంతకం చేయాల్సిన చోట మాత్రం ఖాళీ. అడుగుదామని దరఖాస్తు పెట్టుకున్న ఒకాయన ఇంటికి ఫోన్ చేస్తే, ఆయన పోయి రెండేళ్ళయిందని చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీదే కూర్చుని ఒక నిబంధన రాశాను. ఏడాదికి మించి కదలని ఏ ఫైలునైనా దానిమీద చివరగా ఉన్న సిఫార్సు ప్రకారం ముగించేయాలి, ఆ తర్వాతే కొత్త సంస్థకు పంపాలి. ఎవరి సంతకం కోసమూ ఆగనక్కర్లేదు. కమిటీలో అందరూ బల్లలు చరిచారు. ఆ సాయంత్రం నేను నడిచి కాదు, గాల్లో తేలి ఇంటికెళ్ళాను.

ఇప్పుడు మా ఆఫీసు బీరువా సంగతి చెప్పాలి. మా పారిశ్రామిక పేటలో షెడ్డు తీసుకున్నవాళ్ళు ఆరు నెలలు దానికి తాళం వేసి ఉంచితే, ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూసి "రద్దు చేయవచ్చు" అని రాస్తాడు. రాయడం ఆయన ఉద్యోగం. కానీ తాళం ఎందుకు పడిందో మాకు తెలుస్తుంది కదా! ఇంట్లో చావు కావచ్చు, జబ్బు కావచ్చు. మళ్ళీ నిలదొక్కుకుంటారనుకున్నవాళ్ళ ఫైలును పైకి పంపకుండా మూడో బీరువా కింది అరలో పెట్టేవాళ్ళం. నాకు ఆ పద్ధతి నేర్పింది నా ముందు ఆ సీట్లో కూర్చున్న పెద్దావిడ. "కారణం రాయకు. రాస్తే అది చాలదంటారు. రాయకపోతే అసలు అడిగేవాడే ఉండడు" అనేది. ఆ అరలో నావి పదకొండు ఫైళ్ళు. ఏ ఒక్కదాని మీదా నేనొక్క ముక్క రాయలేదు.

అందులో ఒకటి పద్నాలుగో నంబరు షెడ్డుది. స్ప్రింగుల మేస్త్రీ అంటే పేటలో తెలియనివాళ్ళు లేరు. తాళాలకు, పంపులకు, ఆస్పత్రి మంచాలకు ఆయన చేతి స్ప్రింగులే. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, షెడ్డుకు ఆరు నెలలు తాళం పడింది. ఉన్నది ఒక్కతే కూతురు. పని నేనే నేర్చుకుంటానంది. స్ప్రింగు చుట్టడం ఆరు నెలల్లో వస్తుంది కానీ, చుట్టాక దాన్ని కాల్చడం చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఉక్కు తీగ గోధుమ రంగు దగ్గర ఆగాలి. క్షణం ఆలస్యమై నీలం తిరిగిందా, ఆ స్ప్రింగు చెత్తబుట్టకే.

"అంతదాకా షెడ్డు ఉంటుందా అమ్మా?" అని మేస్త్రీ అడిగాడు.

"నేను లేనూ! మీరు పిల్లకు పని నేర్పండి" అన్నాను.

నెలకోసారి వెళ్ళి చూసేదాన్ని. నా మాట నమ్మి ఆయన ఇంకెక్కడా చోటు వెతుక్కోలేదు.

నిబంధన రాసిన రోజున ఆ అర నాకు ఎందుకు గుర్తు రాలేదని మీరడగొచ్చు. నన్ను నేను రోజూ అడుగుతున్నాను. అవి కదలని ఫైళ్ళని నాకెప్పుడూ అనిపించలేదు. అవి నేను కాపలా కాస్తున్నవి. మూడు నెలలు కమిటీ గదిలోనే ఉండిపోయాను. ఈలోగా కొత్త కుర్రాళ్ళు వచ్చి మా బీరువాలన్నీ ఖాళీ చేసి కంప్యూటర్‌లో ఎక్కించారు. చివరి సిఫార్సు ప్రకారం అన్నీ ముగించారు. రద్దయిన షెడ్ల జాబితా నా బల్ల మీదకొచ్చాక పద్నాలుగో నంబరు చూశాను.

జాబితా పట్టుకుని కొత్త సంస్థ డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయనది మా తమ్ముడి వయసు. మంచివాడు. అదే నా ఖర్మ.

"మేడమ్, మీ రూలు వల్ల రెండు వందల మందికి పైగా స్థలాలొచ్చాయి. నిన్న ఒక పెద్దాయన కాగితం పట్టుకుని ఇక్కడే ఏడ్చేశాడు" అన్నాడు.

"సంతోషం సార్. ఈ పదకొండు షెడ్లూ వెనక్కి తీయండి. పోనీ, ఈ పద్నాలుగో నంబరైనా."

"ఎందుకు ఆపారో ఫైల్లో ఎక్కడైనా రాశారా?"

"లేదు. నోటిమాటే."

"మరి నేను దేన్ని చూసి సంతకం పెట్టను? ఎవరో ఒకరు జాలిపడితే ఆగేది, లేకపోతే పోయేది... అది వద్దనే కదా మీరంతా కూర్చుని ఇది రాశారు?" ఆయన గొంతులో వెటకారం లేదు. "ఆ షెడ్డు ఇద్దరు అన్నదమ్ములకు ఇచ్చేశాం. మూడేళ్ళ నుంచీ క్యూలో ఉన్నారు. పత్రం కూడా వాళ్ళ చేతికి వెళ్ళిపోయింది."

ఆయన చెప్పిందంతా నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్నదే. షెడ్డు ఖాళీ చేయమనే నోటీసు పోస్టులో వెళ్తుంది, మీకెందుకు శ్రమ అన్నాడు. నేనే ఇస్తానని తీసుకున్నాను.

నేను వెళ్ళేసరికి షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మేస్త్రీ కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో ఒక స్ప్రింగును నొక్కి వదులుతున్నాడు. నొక్కినప్పుడల్లా అది సరిగ్గా మొదటి ఎత్తుకే లేస్తోంది. పిల్ల మొహమంతా మసి, ఆ మసిలోంచి ఒకటే నవ్వు.

"రా అత్తా, రా! చూడు, పొద్దుట్నుంచీ నలభై చేశాను. ఒక్కటీ నీలం తిరగలేదు. నాన్న ఒక్క తిట్టు కూడా తిట్టలేదు."

"తిట్టడానికి ఏం మిగిల్చింది ఇది!" అన్నాడు మేస్త్రీ. కళ్ళు తుడుచుకోవడానికి కుడి చెయ్యి ఎత్తబోయి, అది లేవక, ఎడమ చేత్తో తుడుచుకున్నాడు. "పంపుల కంపెనీ వాళ్ళు ఆర్డరిస్తామన్నారమ్మా. వచ్చే నెల నుంచీ."

కాగితం పిల్ల చేతికిచ్చాను. చదివింది. మళ్ళీ మొదటినుంచీ చదివింది. వెళ్ళి మెషిను ఆపేసి, తండ్రికి చదివి వినిపించింది. పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలన్న వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

మేస్త్రీ చేతిలోని స్ప్రింగును పక్కన పెట్టాడు.

"ఊరుకోమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని నన్నే ఓదార్చాడు. "ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని రాసుంటాడు ఈ రూలు. వాడు ఒక్కసారి ఇక్కడికొచ్చి మా పిల్ల చేస్తున్న పని చూసుంటే, ఇట్లా రాసేవాడు కాదు."

తల ఊపి బయటపడి ఉండొచ్చు. ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ ఆ ఓదార్పు నేను భరించలేకపోయాను.

"నేనే రాశాను మేస్త్రీ గారూ."

అర్థం కానట్టు చూశాడు. అంతా చెప్పాను. పై అంతస్తు కట్టలు, నా కోపం, నిబంధన, కింది అర, అన్నీ. చెబుతుంటే నాకే అది సాకులా వినిపించింది. ఆయన ఆసాంతం విన్నాడు. కోప్పడితే బాగుండుననుకున్నాను. కోప్పడలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు, మెల్లగా అన్నాడు:

"నువ్వు వచ్చి చూశావు కదమ్మా?"

"చూశాను" అన్నాను. ఏడుపు ఆగలేదు.

పిల్ల చేతుల మసి గుడ్డకు తుడుచుకుని పెన్ను తీసుకుంది.

"అందినట్టు సంతకం ఎక్కడ పెట్టాలి, మేడమ్?" అంది.

చోటు చూపించాను.