రెండో స్విచ్

క్రాంతి అడగ్గానే వచ్చిన ఆ రెండో స్విచ్‌ని చూస్తే సునందకి ఒళ్లు మండేది.

గ్రేటర్ నోయిడాలోని ఆ ఇంజినీరింగ్ కాలేజీ నెట్‌వర్కంతా ఇన్నేళ్లూ ఆమె చేతుల మీదుగానే నడిచింది. క్యాంపస్‌లోని కంప్యూటర్లన్నిటినీ కలిపేది ఒక్కటే పెద్ద స్విచ్. అది మొరాయిస్తే హాస్టళ్లు, ల్యాబులు, ఆన్‌లైన్ పరీక్షలు అన్నీ ఆగిపోయేవి. తోడుగా ఇంకొకటి కావాలని ఎన్నిసార్లు అడిగినా రిజిస్ట్రార్ "దేఖేంగే", చూద్దాంలే అనేవారు. మొన్న మొన్న చేరిన ఈ కరీంనగర్ కుర్రాడు క్రాంతి ఒక్క మీటింగులో అడిగాడు, వచ్చేసింది. పైగా దాన్ని కాన్ఫిగర్ చేసే పని కూడా అతనికే అప్పజెప్పారు.

"అక్కా, జర ఒక్కసారి చూడుండ్రి," అంటూ క్రాంతి లాప్‌టాప్ ఇటు తిప్పాడు.

మొదటి స్విచ్ ఆగిపోతే రెండోది వెంటనే ఆ పని అందుకునేలా ఆదేశాలు రాశాడు. ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని ఆమె ఒక్కో లైనూ వెతికింది. దొరకలేదు.

"బానే ఉంది," అంది పొడిగా.

స్విచ్‌లు బిగించిన ర్యాక్ వెనక్కి వెళ్లాక తప్పు దొరికింది. రెండు స్విచ్‌లకీ కరెంటు ఒకే యూపీఎస్ నుంచి వస్తోంది. అది పోతే రెండూ పోతాయి. చెబుదామని నోటిదాకా వచ్చింది. రేపు రిజిస్ట్రార్ వాళ్లకి నడిపి చూపించేటప్పుడు అందరి ముందూ తెలుస్తుందిలే అనుకుని ఊరుకుంది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని అతని మొహం ఎలా వాడిపోతుందో ఊహించుకుంటుంటే చాన్నాళ్లకి హాయిగా అనిపించింది.

మర్నాడు రిజిస్ట్రార్, ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. క్రాంతి మొదటి స్విచ్ కేబుల్ పీకాడు. స్క్రీన్ మీద క్షణం తడబాటు, మళ్లీ మామూలే. రిజిస్ట్రార్ తల ఊపారు.

"కేబుల్ సరే సర్, యూపీఎస్ పోతే?" అంటూ సునంద వెళ్లి దాన్ని ఆపేసింది.

మొదటి స్విచ్ దీపాలు ఆరిపోయాయి. రెండోదానివి పచ్చగా మెరుస్తూనే ఉన్నాయి. ఆమె వంగి చూసింది. దాని తీగ ఎదుటి గోడ దగ్గరున్న వేరే యూపీఎస్‌కి పోతోంది.

"పొద్దుగాల్నే మార్చిన అక్కా," అన్నాడు క్రాంతి మెల్లగా. "నిన్న మీరు ఎనక చానాసేపు నిలబడ్డరు గదా. ఏం చూస్తున్నరో అని నేను గూడ పోయి చూసిన. నాకు నేనే తెలుసుకోవాలని మీరు చెప్పలేదనుకున్న."

సునంద ఆ తీగనే చూస్తూ లేచి నిలబడింది.

"అచ్ఛా టెస్ట్ కియా, సునంద జీ," అని ఆమె పరీక్షని మెచ్చుకుని రిజిస్ట్రార్ క్రాంతి భుజం మీద చెయ్యి వేసి టీకి తీసుకెళ్లారు.

ఆమె ఒక్కతే మిగిలి యూపీఎస్ మళ్లీ ఆన్ చేసింది. చెవులు వేడెక్కి ఉన్నాయి. అతను మంచివాడని తెలియడం మరీ కష్టంగా ఉంది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

కాసేపటికి క్రాంతి ఆమెకో టీ కప్పు తెచ్చాడు. ఆమె అందుకుంది, అతని వైపు చూడలేదు.

"ఆ గోడ దగ్గర యూపీఎస్ బ్యాటరీలు పాతవి. ఎక్కువసేపు ఆగవు," అంది చివరికి. "మార్పించమని అడుగు. నువ్వడిగితే ఇస్తారు."