మితమంటే ఎన్ని చెంచాలు

పదహారు పేజీలు దిద్దేసరికే ప్రూఫు చూసే ఆమెకు కళ్లు మండిపోతున్నాయి. మధ్యాహ్నం దాటినా అన్నం డబ్బా మూత తీయలేదు. "ఏం తినాలి, ఎంత తినాలి" అని సర్కారు వేయిస్తున్న పుస్తకం సాయంత్రానికల్లా మిషనెక్కాలి. ప్రతి బడికీ, ప్రతి ఆసుపత్రికీ ఇక అదే శాసనం.

పదిహేడో పేజీలో ఆమె పెన్ను ఆగింది. 'పిల్లలకు చక్కెర మితంగా వాడవచ్చు' అని ఉంది. పక్కన డాక్టర్లు రాసిచ్చిన రాతప్రతి తిరగేసింది. 'పిల్లలకు చక్కెర రోజుకు నాలుగు చెంచాలు మించరాదు.' చెంచాలు పోయాయి. అంకె పోయింది. 'మించరాదు' కాస్తా 'వాడవచ్చు' అయి కూర్చుంది.

రెండూ పట్టుకుని యజమాని గదికి వెళ్లింది. బిస్కెట్ కంపెనీ మనిషి అక్కడే కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఆ ప్రెస్సుకి సర్కారు పని పరువు కోసం, బిస్కెట్ రేపర్ల పని పొట్ట కోసం.

"సార్, ఇక్కడ మాట మారింది. రాతప్రతిలో ఇలా లేదు."

యజమాని కంటే ముందే కంపెనీ మనిషి అందుకున్నాడు. "ఇది రాసిన డాక్టర్ల సంఘం వాళ్లే మార్చారమ్మా."

"మార్చిన కాగితం ఎవరు తెచ్చారు?"

"నేనే. ఎలాగూ ఇటే వస్తున్నా కదా అని."

"బావుంది. పాలకుండకి పిల్లి కాపలా."

"నోరు!" అన్నాడు యజమాని. "నీ పని అక్షరాలు చూడటం. అర్థాలు చూసుకోడానికి పెద్దవాళ్లున్నారు."

"ఆ పెద్దవాళ్లని చూసుకునేదెవరు సార్?"

కంపెనీ మనిషి నవ్వాడు. "మేం వాళ్ల మీటింగుల్లో టీ, బిస్కెట్లు పెడతాం. అంతే."

"మా అత్త పిల్లల కేంద్రంలో ఆయా. ఈ పుస్తకమే తల్లులకి చదివి చెప్పాలి. మితమంటే ఎన్ని చెంచాలని వాళ్లడిగితే ఏం చెప్పమంటారు?"

"ఎవరి మితం వాళ్లది."

"కబుర్లు చాలు, సంతకం పెట్టు," అని యజమాని పేజీని ముందుకు తోశాడు.

ఒకసారి మందుల కాగితంలో 'ఒక మాత్ర' 'పది మాత్రలు'గా పడి పరువు పోయాక, పొడి సంతకం లేని పేజీ మిషనెక్కకూడదని నియమం పెట్టింది ఆయనే. తప్పొస్తే నింద సంతకం పెట్టినవాళ్లది.

ఆమె మనసులోనే బేరీజు వేసుకుంది. రోజుకు మూడు వందల యాభై కూలి. ఇంట్లో నాలుగు కంచాలు. ఒక్క అంకె చెరిపితే ఎన్ని పెట్టెలు అదనంగా అమ్ముడవుతాయో కంపెనీ మనిషికి తెలుసు. తన పొడి సంతకం ఖరీదెంతో ఆమెకే ఇన్నాళ్లూ తెలియలేదు.

ఎర్ర పెన్ను తీసి 'మితంగా వాడవచ్చు' కొట్టేసింది. పక్కన రాతప్రతిలోని మాట అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది. దాని కింద సంతకం చేసింది.

"దీనికైతే పెడతాను సార్. ఇంకోదానికి పెట్టను."

"రేపట్నుంచి రానక్కర్లేదు!"

"రేపటి సంగతి రేపు. ఇవాళ్టికి ఇంకా ఇరవై పేజీలున్నాయి," అని తన కుర్చీ వైపు నడిచింది.

కంపెనీ మనిషి 'మితంగా వాడవచ్చు' అనే ఉన్న పదిహేడో పేజీకి కొత్త ప్రూఫు తీయించి యజమాని ముందు పరిచాడు. "ఆ పొడి సంతకమేదో మీరే గీకేయండి, పోతుంది."

యజమాని పెన్ను మూత తీశాడు. కాగితం మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"సార్, పదిహేడు ఎక్కించమంటారా?" మిషను గదిలోంచి కేక వినబడింది.